ఇరవై ఆరు ఇళ్ల ఇంటిపేరు

ప్రవీణ పేరెత్తగానే మా ఆఫీసులో వాళ్లకి ఆమె టైపింగ్ వేగం గుర్తొస్తుంది. నాకు ఆమె పాదాలు గుర్తొస్తాయి. ఏసీ చలికి తట్టుకోలేక చెప్పులు బల్ల కిందికి తోసేసి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని, చున్నీతో పాదాలు కప్పుకుని పనిచేసేది. మూడేళ్లు నా పక్క సీటు. ఆమె రాసేది, నేను చూసి సరే అనేదాన్ని. ఈ కథలో సగం తప్పు నాది. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

మాది ఇంటిపేర్ల పని. హైటెక్ సిటీలో అద్దాల మేడలో ఉద్యోగం అంటే చుట్టాలంతా సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. కాకినాడలో మా అత్తగారు నాగేశ్వరి గారు ఇప్పటికీ అందరికీ అలాగే చెబుతారు. నేనూ కాదనలేదు. అసలు సంగతి ఏమిటంటే, తమ వంశం ఎక్కడిదో వెతుక్కునే విదేశీయుల కోసం ఒక వెబ్‌సైట్ ఉంది. ఇంటిపేరు కొడితే చాలు. దాని అర్థం, పుట్టిన చోటు, లోకంలో ఎన్ని కుటుంబాలకు ఆ పేరుంది, ఎక్కడెక్కడ ఉన్నారు, అన్నీ ఒక పేజీలో కనిపిస్తాయి. ఆ పేజీలు రాసేది గడ్డాలు పెంచిన ఇటలీ పండితులని చదివేవాళ్లు అనుకుంటారు కాబోలు. రాసేది మేము. ఎనిమిదో అంతస్తులో, కిటికీలు తెరుచుకోని గదిలో, ముప్ఫై నలుగురం. మనిషికి రోజుకు పన్నెండు ఇంటిపేర్లు.

ఒక్కో పేరుకు ఫారంలో ఆరు గళ్లు ఉంటాయి. మొదటి ఐదింటికీ కావలసిన సమాచారం క్లయింటే పంపుతాడు. ఆరోది 'కుటుంబ ఆచారాలు'. దానికి ఎవడూ ఏమీ పంపడు. కానీ ఎనభై మాటలకు తగ్గకుండా రాయాలి. ఖాళీ వదిలితే గడి ఎర్రబడుతుంది, పేజీ ముందుకు కదలదు. పేరున్న వంశాలకు రాయడానికి బోలెడంత దొరుకుతుంది. ఎవరికీ తెలియని పేరొస్తే మాత్రం ఆ ఎర్ర గడి ముందు కూర్చుని గోళ్లు కొరుక్కోవడమే. అలాంటప్పుడు అందరం పండగలకు కలుస్తారనీ పెద్దలను గౌరవిస్తారనీ నీళ్లు కలిపిన మజ్జిగలాంటి మాటలు నాలుగు పోసి పంపేస్తాం. లోకంలో పెద్దలను గౌరవించం అని చెప్పుకునే వంశం ఏదైనా ఉంటుందా?

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ప్రవీణకు 'కవదోర్నో' అనే పేరు వచ్చింది. ఉత్తర ఇటలీలో ఒక కొండలోయ పేరు మీద పుట్టిన ఇంటిపేరు. ప్రపంచం మొత్తానికి ఇరవై ఆరు కుటుంబాలు. పంతొమ్మిది ఆ లోయలో, ఏడు ఎప్పుడో వలసపోయి అర్జెంటీనాలోని రొసారియో నగరంలో. అంతే. ఇంక ఒక్క ముక్క కూడా ఎక్కడా లేదు. అది ఆ రోజు ఆమెకు పన్నెండో పేరు. ఆరో గడిలో ఆమె ఇలా రాసింది: కవదోర్నోలందరూ ఒకే మూలపురుషుడి సంతానం, ఒకరినొకరు అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా భావిస్తారు, అందుకే ఈ ఇంటిపేరు ఉన్నవాళ్లు తమలో తాము పెళ్లి చేసుకోరు.

నేను చదివాను. బాగుందనిపించింది. పచ్చ గుర్తు పెట్టాను.

నన్ను నేను సమర్థించుకోవడం లేదు. కానీ మీరే చెప్పండి, తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ వాక్యంలో తప్పేం కనిపిస్తుంది? సంబంధం మాట రాగానే మనం మొదట అడిగేది ఇంటిపేరు. రెండూ ఒకటే అయితే జాతకం దాకా వెళ్లకుండానే అక్కడితో ఆపేస్తాం. ఆవులిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నంత మామూలు సంగతి. ఇటలీ వాళ్లకు అలాంటి పట్టింపు ఉందో లేదో కనుక్కోవాలన్న ఆలోచనే రాలేదు, ఆమెకూ నాకూ.

ప్రవీణ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. అది నాకు తరవాత తెలిసింది.

వాళ్లది మూసాపేట. మెట్రో స్టేషన్ వెనక సందులో, అది ఊరుగా ఉన్నప్పుడు కట్టుకున్న రెండు గదుల ఇల్లు. నాన్న రామన్న జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి, ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు గుమ్మం దగ్గర మంచం మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూస్తూ దగ్గుతుంటాడు. అమ్మ కనకలక్ష్మి ఆయన్ని వదిలి ఎక్కడికీ పోలేదు. ఇంటికి ప్రవీణ ఉద్యోగమే ఆధారం. అందుకే జ్వరం వచ్చినా పన్నెండు పేర్లూ పూర్తిచేసేది.

మా బిల్డింగులో లిఫ్టులు చూసే తిరుపతి అనే అబ్బాయి ఆమెను ఇష్టపడ్డాడు. సిద్దిపేట వైపు వాడు. నెమ్మదస్తుడు. లిఫ్టు ఆగిపోయినప్పుడు బయట నిలబడి లోపలి వాళ్లకు ధైర్యం చెబుతూ ఉండేవాడు, అలా ఒకసారి ప్రవీణకూ చెప్పాడు. కులం ఒకటే, రెండిళ్లకూ నచ్చింది. కానీ ఆమె ఇంటిపేరు చిట్యాల, అతని ఇంటిపేరూ చిట్యాలే. ప్రవీణ పెద్దనాన్న వచ్చి ఒక్క మాటతో తేల్చేశాడట.

"పాలోళ్లకు పిల్లనిస్తరా ఎవలన్న? అన్నాచెల్లెండ్ల వరుస అయితది."

పాలోళ్లంటే ఒకే ఇంట్లో నుంచి భాగాలు పంచుకుని చీలిపోయిన దాయాదులు. ఏ తరంలో చీలారు, ఏ తాత దగ్గర కలుస్తారు అని ప్రవీణ అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు కనిపించలేదు. చివరికి తండ్రిని అడిగితే ఆయన తల దించుకుని, "నాకు దెల్వదు బిడ్డా. అందరు అంటున్నరు గదా," అన్నాడట. ఆ ఏడాదే తిరుపతి పెళ్లి వేరే చోట అయింది. అతను ఇంకో బిల్డింగుకు బదిలీ చేయించుకున్నాడు. కవదోర్నో పేజీ రాసింది అది జరిగిన మూడు నెలలకు.

పోయిన ఏడాది మార్చిలో, ఒక మంగళవారం భోజనానికి లేవబోతుండగా మా ఇద్దరికీ ఒక మెయిల్ వచ్చింది. కస్టమర్ల ఫిర్యాదులు చూసే విభాగం పంపింది. రాసింది రొసారియో నుంచి లూసియా కవదోర్నో అనే ఆమె. ముప్ఫై నాలుగేళ్లట. మా వెబ్‌సైట్‌లోనే, అదే పేజీ కింది వ్యాఖ్యల్లో, ఇటలీ లోయలో ఉండే పావొలో కవదోర్నో పరిచయం అయ్యాడట. ఇంత అరుదైన పేరు ఇంకొకరికి ఉందని మురిసిపోయి మాటలు మొదలుపెట్టి, మూడుసార్లు కలుసుకుని, సెప్టెంబరులో పెళ్లి అనుకున్నారు. ఇప్పుడు లూసియా వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. తమ పేరు గురించి లోకంలో ఎవరైనా రాసింది ఆ ఒక్క పేజీయే అని ఆయన దాన్ని ఎప్పుడో ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాడు. అందులో పెళ్లి చేసుకోరని ఉంది. తాతల మాట దాటి కూతురికి పెళ్లి చేయలేనంటున్నాడు. మెయిల్ చివర లూసియా ఒకే ప్రశ్న అడిగింది. ఈ ఆచారం మీకు ఏ పుస్తకంలో దొరికింది?

ప్రవీణ ఆ మెయిల్ చదివి భోజనం డబ్బా మళ్లీ సంచిలో పెట్టేసింది.

"అక్కా, ఇది నేను రాసిన్నా?"

"నువ్వే రాశావు. నేనే సరే అన్నాను."

"యాడికెల్లి వచ్చింది నాకు గీ ముచ్చట?"

ఆమే మళ్లీ అంది. "నెత్తికెల్లి రాలే అక్కా. చేతులకెల్లి వచ్చింది." అప్పుడే నాకు తిరుపతి సంగతంతా చెప్పింది, మెట్ల మీద కూర్చుని, ఏడవకుండా.

అప్పటి నుంచి మొదలైంది మా అవస్థ. అచ్చయిన పేజీకి తాళం పడుతుంది. మార్చాలంటే మార్పు ఫారం నింపాలి. అందులో మొదటి ప్రశ్న: పాత సమాచారం తప్పని చూపే ఆధారం ఏది? ఎవరైనా చూడగలిగే లింకు ఇవ్వాలి. లేని ఆచారం లేదని ఎవరు రాసిపెడతారు? ఉందని చెప్పేవి మాత్రం తొమ్మిది సైట్లు కనిపించాయి. తొమ్మిదీ ప్రవీణ వాక్యాన్నే కాస్త అటూ ఇటూ తిప్పి ఎక్కించుకున్నవి. ఆమె పంపిన మొదటి ఫారం గంటలో తిరిగొచ్చింది. ఈ సమాచారాన్ని తొమ్మిది ఆధారాలు ధ్రువీకరిస్తున్నాయి, మార్పు అవసరం లేదు అని.

మా టీం లీడ్ జశ్వంత్ దగ్గరికి వెళ్లాం. చెడ్డవాడేం కాదు, కానీ కళ్లెప్పుడూ ఎన్ని పేర్లయ్యాయో చూపే డ్యాష్‌బోర్డు మీదే.

"సింపుల్ ఉమాశ్రీ గారూ," అన్నాడు. "ఇద్దరు కవదోర్నోలు పెళ్లి చేసుకున్నట్టు ఒక్క రికార్డ్ చూపించండి. చర్చిదో, పేపర్‌లో ప్రకటనో. ఈరోజే మార్చేద్దాం."

"అన్నా, గా పెళ్లి ఆగిందే మన పేజీ వల్ల," అంది ప్రవీణ. "పెళ్లయితే గాని పేజీ మారదు, పేజీ మారితే గాని పెళ్లి గాదు. ఎట్ల మరి?"

జశ్వంత్ ఒక నిమిషం నిజంగానే ఆలోచించాడు. తరవాత ఫోను మోగింది. "పాతవి ఏమన్నా దొరుకుతాయేమో చూడు," అని లేచి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు వెతికింది. రోజుకు పన్నెండు పేర్లు రాస్తూనే, టీకి లేవకుండా వెతికింది. ఇరవై ఆరు ఇళ్ల వాళ్ల పెళ్లిళ్లు ఏ చర్చి పుస్తకంలోనో ఉంటాయి, ఇంటర్నెట్‌లో కాదు కదా. ఐదో రోజు ఉదయం క్యాంటీన్‌లో నాతో అంది.

"నేనే రాస్త అక్కా ఆమెకు. నా పేరు మీద."

రాసేవాళ్లు కస్టమర్లతో మాట్లాడకూడదు. ఈ పేజీలు ఎక్కడ, ఎవరు తయారుచేస్తారో బయటికి చెప్పకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. దాని కన్నా పెద్ద భయం నాకు ఇంకోటి ఉంది. కల్పించి రాసిందని తెలిస్తే, చూసి సరే అన్నవాళ్లు ఎవరు అని కూడా అడుగుతారు.

"వద్దే ప్రవీణా," అన్నాను. "ఎక్కడో అర్జెంటీనా. వాళ్ల తిప్పలేవో వాళ్లు పడతారు. మీ నాన్నగారి మందులు చూసుకో ముందు."

మీ నాన్నగారి మందులు అన్నానే గానీ, ఆ క్షణాన నా మనసులో ఉన్నది హఫీజ్‌పేటలో మా ఫ్లాటు, మా అబ్బాయి చదువు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నా మొహంలోకి చూసి, "నీ పేరు రానియ్య అక్కా. ఫికర్ జెయ్యకు," అంది. నాకు సిగ్గేసింది. అయినా హమ్మయ్య అనుకున్నాను.

ఉత్తరం తన సొంత మెయిల్ నుంచి పంపింది. పంపే ముందు నాకు చూపించింది. ఆమె ఇంగ్లీషులో రాసినదాన్ని నాకు గుర్తున్నంత వరకు తెలుగులో చెబుతాను.

'లూసియా గారూ, ఇది మీ నాన్నగారికి చదివి వినిపించండి. అయ్యా, ఆ మాట రాసింది నేను. ఏ పుస్తకంలోనూ లేదు. మీ లోయను నేను ఫోటోలో కూడా చూడలేదు. మా హైదరాబాద్‌లో ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోరు. గడి ఖాళీగా ఉంటే పేజీ పోదని, మా ఆచారం తెచ్చి మీ పేరు మీద రాశాను. మీ తాతలు ఎవరూ ఆ మాట అనలేదు. నా ఇంటిపేరు చిట్యాల. నేను కూడా చిట్యాల అబ్బాయినే చేసుకోవాలనుకున్నాను. మా పెద్దలు కాదన్నారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. మీ అమ్మాయికి నా వల్ల అలా జరగకూడదు. నన్ను క్షమించండి.'

వారం దాకా జవాబు రాలేదు. ఆ వారమంతా ఆమె మామూలుగానే ఉంది. నేనే లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. జవాబు వచ్చిన రోజు ప్రవీణ నా కుర్చీని తన వైపు లాగి చూపించింది. ముసలాయన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడట. లేచి వెళ్లి గోడ మీది ఫ్రేము తీసేశాడట. పెళ్లికి సరే అన్నాడట. చివర్లో ఆయన అడగమన్నాడంటూ ఒక మాట ఉంది. 'చిట్యాల వాళ్లు మొత్తం ఎన్ని ఇళ్లు?'

ప్రవీణ ఆ మాట దగ్గర ఆగి నవ్వింది. మూడేళ్లలో అలా నవ్వగా చూడలేదు నేను. తీరిగ్గా జవాబు రాస్తానంది.

రాసే తీరిక దొరకలేదు. లూసియా ఎంత మంచిదంటే, ఆ ధన్యవాదాలు ప్రవీణకు ఒక్కదానికే చెబితే సరిపోదనుకుంది. ఇంత నిజాయితీ గల ఉద్యోగిని మెచ్చుకోండి అంటూ అదే జవాబును, కింద ప్రవీణ ఉత్తరంతో సహా, మా ఫిర్యాదుల విభాగానికి కూడా పంపింది. మధ్యాహ్నం రెండింటికి ప్రవీణను అద్దాల గదిలోకి పిలిచారు. నన్నూ పిలిచారు. తెర మీద బెంగళూరు నుంచి హెచ్ఆర్ మేడం. ఆమె ఆచారం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అబద్ధం రాయడం గురించి ఎవరికీ పట్టలేదు, అలాంటివి అక్కడ లక్షల పేజీలున్నాయి. కస్టమర్‌కు ఉత్తరం ఎందుకు రాశావు, హైదరాబాద్ అని ఎందుకు చెప్పావు అనే పదేపదే అడిగింది.

ఆఖరున, "రివ్యూయర్‌కు ఈ విషయం తెలుసా?" అంది.

ఆ ఒక్క క్షణం నేను నోరు తెరవాల్సింది. తెలుసు అనాల్సింది. బల్ల మీద నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

"ఆమెకు ఏం దెల్వదు మేడం," అంది ప్రవీణ.

సాయంత్రం నాలుగింటికి ఆమె ఐడీ కార్డు తీసుకున్నారు. బల్ల కింద చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. సెక్యూరిటీ మనిషి పక్కనే నడిచాడు, దొంగను తీసుకెళ్లినట్టు. లిఫ్టు దాకా కూడా నేను వెళ్లలేదు. వెళితే ఎవరైనా చూస్తారని.

ఆ రాత్రికి రాత్రే ఆమె ఖాళీ కుర్చీలో ఇంకొకరిని వేశారు. పేజీ మాత్రం అలాగే ఉంది. మార్చడానికి ఆధారం ఇంకా లేదు కదా.

సెప్టెంబరు చివర మా ఫిర్యాదుల విభాగానికి లూసియా నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది. ఆ లోయలోని చిన్న పత్రిక ఫోటోతో సహా వేసిన పెళ్లి ప్రకటన లింకు పంపింది. కవదోర్నో, కవదోర్నో అని రెండు పేర్లు పక్కపక్కన. పేజీ మార్చే పని నాకు అప్పగించారు. ఆధారం గడిలో ఆ లింకు పెట్టగానే, ఆర్నెల్లు కదలని తాళం ఒక్క నిమిషంలో తెరుచుకుంది. పాత వాక్యం తీసేశాను. ఆరో గడి వెంటనే ఎర్రబడింది. ఎనభై మాటలు కావాలి. చాలాసేపు ఆ ఎరుపును చూస్తూ కూర్చున్నాను. చివరికి, ఈ కుటుంబాలు పండగలకు కలుస్తాయనీ, పెద్దలను గౌరవిస్తాయనీ, తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటాయనీ రాసి పంపాను. పేజీ మారితే, బయటివాళ్లకు కనిపించకుండా ఫారం కింద ఉండే రాసినవాళ్ల పేరు కూడా మారిపోతుంది. అక్కడ ఇప్పుడు ప్రవీణ పేరు లేదు. ఉమాశ్రీ అని ఉంది.

ఆ శనివారం మూసాపేట వెళ్లాను. ప్రవీణ ఇప్పుడు ఇంటి దగ్గరే ఒక మీసేవ కేంద్రంలో దరఖాస్తులు నింపుతోంది. ఆదాయం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు. బయట దాకా వరుస ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది, ఏసీ లేదు. చెప్పులు మాత్రం అలవాటుగా బల్ల కిందే విప్పి ఉన్నాయి. నన్ను చూసి, "ఏంది అక్కా, గింత దూరం వచ్చినవ్," అని పక్కన స్టూలు వేసింది. నాన్న ఎలా ఉన్నారంటే, "గట్లనే ఉన్నడు," అంది.

ఫోనులో పెళ్లి ఫోటో చూపించాను. పెళ్లికూతుర్ని ఎక్కువసేపు చూడలేదు. రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి, ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న ముసలాయన దగ్గర ఆగింది.

"గీయనేనా?"

"ఆయనే."

"మంచిగ నవ్వుతుండు." కాసేపు చూసింది. "గాయన అడిగినదానికి జవాబే రాయకపోతి. ఎన్ని ఇండ్లో మాకేం ఎరుక, ఎవలు లెక్కబెట్టిన్రు." ఫోను నా చేతికి ఇవ్వబోయి మళ్లీ ఆగింది. "మా నాయినకు గూడ ఎవలన్న గసొంటి ఉత్తరం రాసుంటే మంచిగుండేది అక్కా."

ఫోను అందుకుని ఫోటో మూసేశాను.

పేజీ చూపించమంది. ఆఫీసు లాగిన్‌తో ఫారం తెరిచి ఆరో గడి దాకా చూపించి, అక్కడి నుంచి కిందికి జరపకుండా ఫోను వెనక్కి తీసుకున్నాను. ఆమె గమనించిందో లేదో తెలియదు.

"మరి ఇరవై ఏడు అయిందా అక్కా?" అంది.

"ఆ అంకె మన చేతిలో ఉండదు కదమ్మా."

"అవు గదా," అని నవ్వి, కిటికీ అవతల కాగితాలు పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ వైపు తిరిగింది. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి.

"చెప్పు పెద్దమ్మా. ముందుగాల ఇంటిపేరు చెప్పు."